సైనికుల పిల్లలు, మన బడి

(మన పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు ఫోన్ చేసి, "పావుగంట మాట్లాడండి, విషయం మీ ఇష్టం" అన్నారు. నేను వంతెనలు కట్టే ఇంజనీరుని. వంతెనల గురించి మొదలుపెడితే ఐదు నిమిషాల్లో అందరి చూపూ భోజనాల షామియానా వైపు వెళుతుందని అనుభవం మీద తెలుసు. అందుకని మనలో చాలామంది బతికిన సంగతే ఎంచుకున్నాను. తండ్రి సైన్యంలో ఉన్న పిల్లలకు బడి ఏం చేస్తుంది? మనకు ఏం చేసింది? ఇప్పుడు మనం ఏం చేయగలం?

ఈ కంటోన్మెంటులో పెరిగినవాళ్ళకు "మీదే ఊరు?" అన్న ప్రశ్న అంత తేలిక కాదు. నాకు కూడా అంతే. మా నాన్నగారిది తాడేపల్లిగూడెం దగ్గర పల్లె. పక్కనే మాధవరం. మిలటరీ మాధవరం అంటే మీకందరికీ తెలుసు. మొదటి ప్రపంచ యుద్ధం నాటి నుంచి ఇంటికొకరు చొప్పున సైన్యంలోకి పంపుతూ వచ్చిన ఊరు. ఆ గాలే మా ఊరికీ సోకింది. నాన్నగారు మద్రాస్ శాపర్స్‌లో చేరి హవల్దారు అయ్యారు. నేను పదో తరగతికి వచ్చేసరికి ఇది నాకు ఐదో బడి. జబల్‌పూర్, జోధ్‌పూర్, మధ్యలో నాన్నగారికి ఫీల్డ్ పోస్టింగ్ వస్తే రెండేళ్ళు మా ఊరి తెలుగు మీడియం బడి, తర్వాత పఠాన్‌కోట్, ఆ తర్వాత సికింద్రాబాద్.

వీటిలో ఒక ఊళ్ళో సెంట్రల్ స్కూల్లో సీటు దొరికేలోపు ఒక ప్రైవేటు బడిలో వేశారు. నాకు హిందీ సరిగ్గా రాయడం రాదని ఒక తరగతి కిందకి దించి కూర్చోబెట్టారు. లెక్కల్లో నాకొచ్చినన్ని మార్కులు ఆ తరగతిలో ఎవరికీ రాలేదు. అయినా ఆరు నెలలు అక్కడే. ఆ బడిని నిందించడానికి చెప్పడం లేదు. బడికి ఒక పద్ధతి ఉంది, ఆ పద్ధతిలో నాలాంటి పిల్లాడికి చోటు లేదు, అంతే. బదిలీల మీద బతికే కుటుంబానికి ఎలాంటి బడి కావాలో నాకు అక్కడే తెలిసింది.

ఈ అవసరాన్ని ప్రభుత్వం గుర్తించడం వల్లనే మన బళ్ళు పుట్టాయి. రెండో వేతన సంఘం సిఫారసు మీద 1962 నవంబరులో కేంద్ర ప్రభుత్వం సెంట్రల్ స్కూళ్ళ పథకానికి ఆమోదం తెలిపింది. అంతకుముందు సైనిక స్థావరాల్లో రెజిమెంటల్ స్కూళ్ళు ఉండేవి. వాటిలో 20 బళ్ళను 1963-64 విద్యా సంవత్సరంలో తీసుకుని సెంట్రల్ స్కూళ్ళుగా మార్చారు. 1965 డిసెంబరు 15న కేంద్రీయ విద్యాలయ సంగఠన్ రిజిస్టరైంది. అంటే ఈ వ్యవస్థ తొలి ఇటుకలే సిపాయి పిల్లల బళ్ళు. పేరు ఎప్పుడో కేంద్రీయ విద్యాలయగా మారినా బొల్లారం, తిరుమలగిరి వైపు పాతవాళ్ళు ఇప్పటికీ "సెంట్రల్ స్కూలు" అనే అంటారు. తర్వాత 1983లో సైన్యమే తన సంక్షేమ విద్యా సంఘాన్ని పెట్టుకుంది. ఈనాటి ఆర్మీ పబ్లిక్ స్కూళ్ళు దాని కింద నడుస్తున్నవే. మన రాష్ట్రాల్లో కోరుకొండ సైనిక్ స్కూలు 1962లోనే మొదలైంది. అయితే దాని లక్ష్యం వేరు, అది పిల్లల్ని సైన్యంలోకి పంపడానికి పెట్టిన బడి. మనది సైన్యం నుంచి వచ్చే పిల్లల్ని అందుకునే బడి.

ఈ బళ్ళలో గొప్పతనం ఎక్కడుంది? మా వృత్తిలో ఒక మాట చెబుతాను, క్షమించాలి, ఒక్కటే. వంతెనకు ఇబ్బంది ఎక్కువగా జాయింట్ల దగ్గర వస్తుంది. రెండు స్పాన్ల మధ్య ఖాళీలో నీళ్ళు దిగుతాయి, బేరింగులు దెబ్బతింటాయి. బదిలీ పిల్లల చదువుకీ అంతే. ఊరికీ ఊరికీ మధ్య ఖాళీలోనే చదువు దెబ్బతింటుంది. సెంట్రల్ స్కూలు ఆ ఖాళీని చిన్నది చేసింది. దేశమంతా ఒకే సిలబస్, అవే పుస్తకాలు, అదే బోర్డు. ఉదయం అసెంబ్లీలో అదే ప్రార్థన. జోధ్‌పూర్‌లో శివాజీ హౌస్‌లో ఉన్న పిల్లాడు ఇక్కడికొచ్చినా శివాజీ, టాగోర్, అశోక, రామన్ పేర్లు వింటాడు. విద్యా సంవత్సరం మధ్యలో టీసీ పట్టుకొచ్చినా కాదనకుండా చేర్చుకునే నిబంధన ఉంది. కొత్తగా చేరేటప్పుడు తండ్రికి గత 7 ఏళ్ళలో ఎన్ని బదిలీలయ్యాయో చూసి ఆ లెక్కన ప్రాధాన్యం ఇస్తారు. ఎక్కడైనా తరచు బదిలీలంటే లోపంగా చూస్తారు. ఎక్కువసార్లు మారితే ఎక్కువ విలువ ఇచ్చిన చోటు ఇదొక్కటే.

కానీ నిబంధన పిల్లాణ్ణి గేటు దాటించి లోపలికి తెస్తుంది. లోపల ఏం జరుగుతుందన్నది టీచర్ల చేతిలో ఉంది. దానికి ఉదాహరణగా 1987 గురించి చెబుతాను.

ఆ ఏడు జులైలో భారత్, శ్రీలంక మధ్య ఒప్పందం కుదిరింది. శాంతి సేనగా ముందు వెళ్ళింది ఇక్కడి 54వ పదాతి డివిజన్. మా నాన్నగారి యూనిట్ కూడా వెళ్ళింది. బస్తాల్లో సామాను సర్దుకుంటూ, "రెండు నెలల్లో వచ్చేస్తాం" అని చెప్పి వెళ్ళారు. అక్టోబరులో జాఫ్నాలో యుద్ధం మొదలైంది. శాంతి సేన చివరి దళం తిరిగొచ్చేసరికి 1990 మార్చి అయింది. ఆ రెండున్నరేళ్ళ పైచిలుకు కాలంలో దాదాపు 1,200 మంది సైనికులు మరణించారు. దేశానికి అది దూరంగా జరిగిన సంగతి. ఈ కంటోన్మెంటుకు మాత్రం క్వార్టర్ల మధ్యలో జరిగింది. శక్తిమాన్ లారీ పిల్లల్ని ఎక్కించుకోవడానికి ఆగినప్పుడు ఏ ఇంటి ముందైనా ఆఫీసర్ జీపు కనిపిస్తే, లారీలో ఉన్న మేమంతా మాటలు ఆపేసేవాళ్ళం.

అప్పుడు నేను పదో తరగతి. మా తరగతిలో తండ్రులు లంకలో ఉన్నవాళ్ళం సగానికి దగ్గరగా ఉండేవాళ్ళం. బడి ఏం చేసిందో చెబుతాను. పెద్ద పెద్ద పనులేమీ కావు.

మొదటిది, క్లాస్ టీచర్ మేడమ్ తన హాజరు పుస్తకం వెనక అట్ట లోపల మా పేర్లు రాసుకున్నారు. తరగతిలో ఎప్పుడూ చదవలేదు, చేతులెత్తమనలేదు. కానీ మాలో ఎవరైనా రెండు రోజులు రాకపోతే మూడో రోజు సాయంత్రం ఆవిడ మా క్వార్టర్ల లైన్లో కనిపించేవారు.

రెండోది, అసెంబ్లీలో రోజూ ఒక విద్యార్థి వార్తలు చదివే ఆనవాయితీ మీకు తెలుసు. ఆ నెలల్లో లంక వార్త ఉంటే ఇంగ్లిష్ సర్ ముందుగా కాగితం చూసి, చనిపోయినవారి సంఖ్య కొట్టేసేవారు. పెద్ద తరగతి అన్న ఒకాయన, "రేడియోలో అందరూ విన్నదే కదా సర్" అని అడిగాడు. "ఊరికి అది వార్తేనయ్యా. ఇక్కడ ఇంటి సంగతి. ఇంటి సంగతి మైకులో చదవం" అన్నారు. యాభై దాటిన నాకు ఆ తేడా ఇప్పటికీ గుర్తుంది.

మూడోది, రిపోర్ట్ కార్డు మీద తండ్రి సంతకం గడిలో తల్లి సంతకం చాలన్నారు. తెలుగులోనైనా, తమిళంలోనైనా, గుర్ముఖిలోనైనా సరే అన్నారు. మా అమ్మ ఐదో తరగతి వరకే చదివింది. బడి కాగితం మీద తన పేరు రాసింది అదే మొదటిసారి. నాన్నగారు తిరిగొచ్చాక కూడా ఆ గడిలో ఆవిడే సంతకం పెట్టింది. ఎవరూ అడ్డు చెప్పలేదు.

నాలుగోది, లెక్కల సర్ సాయంత్రం ముప్పావుగంట ఉండిపోయేవారు. ట్యూషన్ కాదు, పైసా తీసుకోలేదు. "మీ నాన్న ఉంటే ఇంట్లో మీ పక్కన కూర్చునేవాడు. వచ్చేదాకా నేను కూర్చుంటాను" అనేవారు. నిజానికి మా నాన్నలకు పదో తరగతి లెక్కలు వచ్చేవి కావు. ఆ సంగతి సర్‌కీ తెలుసు.

మా తరగతిలో ఒకడి తండ్రి తిరిగి రాలేదు. వాడు ఈ సభలోనే ఉన్నాడు. వాణ్ణి అడిగి, ఒప్పుకున్నాకే చెబుతున్నాను, పేరు మాత్రం వద్దన్నాడు. మూడు వారాలు బడికి రాలేదు. బెంచీలో వాడి చోటు ఎవరూ తీసుకోలేదు. నలుగురం నాలుగు సబ్జెక్టులు పంచుకుని నోట్సులు రాసిపెట్టాం. ఇంకో సమస్య ఉంది. క్వార్టర్ ఖాళీ చేసి శ్రీకాకుళం వైపు వాళ్ళ ఊరికి వెళ్ళిపోవాలని వాళ్ళ పెద్దల ఆలోచన. పరీక్షల రిజిస్ట్రేషన్ ఇక్కడ అయిపోయింది. వెళితే ఆ ఏడు పోయినట్టే. ప్రిన్సిపాల్ గారు స్టేషన్ హెడ్‌క్వార్టర్స్‌కు స్వయంగా ఉత్తరం పట్టుకెళ్ళి, మార్చి పరీక్షలయ్యేదాకా క్వార్టర్ ఉంచమని అడిగి ఒప్పించారు. ఫీజులు ఎవరు కట్టారో మాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. స్టాఫ్ రూములో ఉన్నవాళ్ళే వేసుకున్నారు.

ఎందుకు వేసుకోవలసి వచ్చిందంటే, అప్పటికి నిబంధన లేదు. 1971 యుద్ధం తర్వాత అమరుల పిల్లలకు చదువు ఖర్చు భరించే పథకం పెట్టారు. అది పాత యుద్ధాలలో చనిపోయిన, వికలాంగులైన సైనికుల పిల్లలకు. శ్రీలంక ఆపరేషన్‌కు, సియాచిన్‌కు ఆ పథకాన్ని వర్తింపజేసింది 2003లో. అప్పటికి నా మిత్రుడి పిల్లలే బడికి వెళుతున్నారు. ప్రభుత్వం 16 ఏళ్ళకు చేసిన పనిని మన స్టాఫ్ రూము 16 రోజుల్లో చేసింది.

మొన్న వాణ్ణి అడిగాను, "అన్నిటిలో నీకు బాగా గుర్తున్నది ఏమిటిరా?" అని. ఫీజులంటాడనో, క్వార్టరంటాడనో అనుకున్నాను. వాడు చెప్పింది వేరు. "తిరిగొచ్చిన వారం అందరూ నాతో మెల్లగా మాట్లాడేవాళ్ళు. నాకు ఊపిరాడేది కాదు. రెండో వారం లెక్కల సర్ హోంవర్క్ ఎందుకు చేయలేదని అందరిముందూ నిలబెట్టారు. ఆ రోజు ఇంటికెళ్ళి కడుపునిండా అన్నం తిన్నాను." సైనికుల పిల్లలకు బడి చేసే సాయం గురించి ఎవరైనా నన్ను అడిగితే ముందు ఈ మాటే చెబుతాను. పిల్లాడి కష్టం టీచరుకు తెలిసి ఉండాలి. తెలిసిందని పిల్లాడికి రోజూ గుర్తు చేయకూడదు.

ఇతర దేశాల్లో కూడా ఈ ఆలోచన ఉంది. అమెరికాలో సైనికుల పిల్లలు రాష్ట్రం మారితే చదువులో నష్టపోకుండా రాష్ట్రాల మధ్య 2008లో ఒక ఒప్పందం అమల్లోకి వచ్చింది. ఇప్పుడు 50 రాష్ట్రాలూ అందులో ఉన్నాయి. పాత బడిలో వేసిన తరగతిలోనే కొత్త బడి కూర్చోబెట్టాలి. యుద్ధరంగం నుంచి తండ్రి గానీ తల్లి గానీ సెలవు మీద వస్తే పిల్లలకు అదనపు సెలవులు ఇవ్వవచ్చు. ఇంగ్లండులో 2011 నుంచి సైనికుల పిల్లలున్న బడికి తలకింతని అదనపు నిధి ఇస్తున్నారు. అవి చదివినప్పుడు మన క్లాస్ టీచర్ మేడమ్ గుర్తొచ్చారు. 1988లో నాన్నగారు పది రోజుల సెలవు మీద వచ్చినప్పుడు, అడగకుండానే, "నాలుగు రోజులు రాకపోయినా ఫర్వాలేదు, మీ నాన్నతో ఉండు" అన్నారు. మంచి మనిషి ఉన్నచోట నిబంధన లేకపోయినా పని జరుగుతుంది. కానీ మంచి మనిషి బదిలీ అయిపోతారు, నిబంధన మాత్రం ఉండిపోతుంది. మనకు రెండూ కావాలి.

నిబంధనలనూ కనిపెట్టుకుని ఉండాలి. అమరుల పిల్లల చదువు పథకానికి 2017 జులై నుంచి నెలకు 10,000 రూపాయల పరిమితి పెట్టారు. వృత్తి విద్య చదువుతున్న పిల్లలకు అది పెద్ద దెబ్బ. అన్నివైపుల నుంచీ ఒత్తిడి వచ్చింది. 2018 మార్చిలో పరిమితి ఎత్తేశారు. అడిగేవాళ్ళు లేకపోతే ఆ పరిమితి ఈనాటికీ ఉండేది.

ఇక మన తెలుగు పిల్లలకు ప్రత్యేకంగా ఉన్న రెండు చిక్కులు చెప్పి ముగిస్తాను.

మొదటిది ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్ష దగ్గర వస్తుంది. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం మన దగ్గర 85 శాతం సీట్లు స్థానికులవి. స్థానికత తేల్చడానికి చివరి నాలుగేళ్ళు ఎక్కడ చదివాడన్నది ముఖ్యం. తాతముత్తాతల నాటి నుంచి పశ్చిమ గోదావరి మనిషైన సిపాయి కొడుకు, తండ్రితో జోధ్‌పూర్‌లో చదివితే సొంత జిల్లాలో నాన్‌లోకల్ అవుతాడు. మిగిలిన 15 శాతంలో పోటీ పడాలి. దానికి వేరే షరతులున్నాయి. సైనికుల పిల్లలకు ఇంజనీరింగులో 2 శాతం క్యాప్ కోటా ఉన్న మాట నిజమే. అందులో యుద్ధంలో చనిపోయినవారి పిల్లలకు మొదటి ప్రాధాన్యం, అది న్యాయం కూడా. కానీ ఏ సర్టిఫికెట్ ఎవరిస్తారు, డిశ్చార్జి బుక్‌లో ఊరి పేరు ఎలా ఉండాలి, కౌన్సెలింగ్‌కు ఏవి పట్టుకెళ్ళాలి, ఇవేవీ సరిహద్దులో ఉన్న తండ్రికి తెలియవు, క్వార్టర్‌లో ఉన్న తల్లికీ తెలియవు. రాష్ట్ర విభజన తర్వాత నిబంధనలు మారుతూ వచ్చాయి. ఏ ఏటి నోటిఫికేషన్ ఆ ఏడు చదవాల్సిందే. మాజీ సైనికుల, వితంతువుల పిల్లలకు వృత్తి విద్యలో ప్రధానమంత్రి స్కాలర్‌షిప్ ఉంది. 2019 నుంచి ఆడపిల్లలకు నెలకు 3,000, మగపిల్లలకు 2,500. దరఖాస్తు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా వెళుతుంది. ఆ ఆఫీసు ఎక్కడుందో తెలియక వదులుకునే ఇళ్ళు నేను చూశాను.

రెండో చిక్కు తెలుగు. మన బళ్ళలో హిందీ, ఇంగ్లిష్, సంస్కృతం వచ్చాయి. తెలుగు రాలేదు. ఊళ్ళో చదివిన ఆ రెండేళ్ళు లేకపోతే ఈ ప్రసంగాన్ని నేను తెలుగులో రాసుకోగలిగేవాణ్ణి కాను. లంక నుంచి నాన్నగారు ఉత్తరాలు తెలుగులో రాసేవారు. మా చెల్లెలికి చదవడం రాదు. ఉత్తరం వచ్చిన రోజు నేను క్రికెట్ ఆడి ఆలస్యంగా వస్తే, అది ఆ కవరు పట్టుకుని గుమ్మంలో కూర్చుని ఉండేది. తండ్రి ఉత్తరం చదవడానికి అన్నయ్య కోసం ఎదురుచూడాల్సి రావడం ఎంత కష్టమో ఆలోచించండి. తగినంతమంది పిల్లలు కోరితే ప్రాంతీయ భాష చెప్పించే వీలు ఇప్పుడు కేంద్రీయ విద్యాలయాల్లో ఉంది. కోరేలా చేయాల్సింది మనం.

అందుకని స్వర్ణోత్సవం సందర్భంగా సంఘం ముందు మూడు ప్రతిపాదనలు పెడుతున్నాను. విగ్రహాలు, ఆర్చీలు వద్దు. ఈ మూడు పనులు చాలు.

ఒకటి, కౌన్సెలింగ్ రోజుల్లో బడి ఆవరణలో ఒక బల్ల, రెండు కుర్చీలు వేద్దాం. మనలో రిటైరైన సుబేదార్లున్నారు, రెవిన్యూలో చేసినవారున్నారు, కాలేజీల్లో పాఠాలు చెప్పినవారున్నారు. వంతులవారీగా కూర్చుని కాగితాలు చూసి పెడదాం. రెండు, సెలవు శనివారాల్లో గంటసేపు తెలుగు చెబుదాం. వ్యాకరణం అక్కర్లేదు, ఉత్తరం చదవగలిగితే చాలు. మూడు, ఏ పిల్లాడైనా ఇక్కడి నుంచి టీసీ తీసుకుని వెళుతుంటే, వెళ్ళే ఊళ్ళో ఉన్న మన పూర్వ విద్యార్థి ఫోన్ నంబరు ఒకటి టీసీతో పాటు ఇద్దాం. వైజాగ్, పుణె, అంబాలా, జలంధర్, ఎక్కడైనా మనవాళ్ళున్నారు. కొత్త ఊళ్ళో మొదటి రోజు బడి గేటు దాకా తోడు వచ్చే మనిషి ఒకరుంటే ఎంత తేడానో మనకు వేరే చెప్పాలా?

మొదటి బల్లకు వచ్చే జూన్‌లో నేను కూర్చుంటాను. రెండు వారాలు సెలవు పెట్టాను. ఇంకా పదిమంది కావాలి. రిజిస్ట్రేషన్ దగ్గర ఒక నోటు పుస్తకం పెట్టించాను, భోజనానికి వెళ్ళేటప్పుడు పేరు, ఫోన్ నంబరు రాసి వెళ్ళండి. మొదటి పేజీలో రెండో పేరు ఇందాక చెప్పిన నా మిత్రుడిది.

మా పక్కన కూర్చున్న గురువులందరికీ పాదాభివందనాలు.